తూటా ఎవరి దగ్గర

తెల్లవారి ఎంతోసేపు కాలేదు. ఆకాశం మబ్బు పట్టి ఉంది గానీ చినుకు లేదు. రాత్రి కురిసిన వాన మక్కచేలలో ఆకుల కొసల నుంచి ఇంకా కారుతోంది. లింగోజి సారు చేని గట్టు మీద నిలబడి, అలవాటు ప్రకారం తూటాలను తన చొక్కా జేబులో వేసుకొని బొత్తాం పెట్టుకున్నాడు. తుపాకి మాత్రం శిష్యురాలి భుజాన ఉంది. ఆయన దగ్గర నేర్చుకున్న వాళ్ళందరికీ ఇదే పద్ధతి. తుపాకి ఒకరి చేతిలో, తూటా ఇంకొకరి జేబులో.

లింగోజి కమ్మరింట పుట్టినవాడు. వయసులో ఉండగా పోలీసుల దగ్గర తుపాకులు బాగుచేశాడు, తర్వాత కొత్తవాళ్ళకు కాల్చడం నేర్పాడు, పింఛను వచ్చాక సొంత ఊరు మేడివాగుకు తిరిగొచ్చాడు. అడవి పందులు పంటల మీద పడుతుంటే, లైసెన్సు ఉండి పంచాయతీ అనుమతి తెచ్చుకున్నవాళ్ళు నేర్చుకోవడానికి ఆయన దగ్గరికి వస్తారు. కూర్చోబెట్టి చెప్పేది తక్కువ. చేనుకు తీసుకుపోతాడు. శిష్యుడికి పంది కనబడి తూటా కోసం చెయ్యి చాస్తే ఇవ్వడు. "ఏం కనబడుతుంది?" అని అడుగుతాడు. పంది అంటే చాలదు. దాని తల ఎటున్నది, వెనుక ఏమున్నది, ఆ వెనుక మనుషులెవరన్నా ఉన్నారా, అంతా చెప్పాలి. చెప్పాక తీరుబడిగా బొత్తాం తీస్తాడు. లింగోజి సారు బొత్తాం పుణ్యాన మేడివాగు అడవిలో పందుల సంతతి పెరిగిందని ఊళ్ళో నవ్వుకుంటారు. ఆ నవ్వు ఆయన దాకా వచ్చినా పట్టించుకోడు.

ఈసారి శిష్యురాలు అండాలు. నలభై అయిదు దాటిన మనిషి. మాట తక్కువ, పని ఎక్కువ. భర్త పోయాక చేను, ఇల్లు ఆమే చూసుకుంటోంది. మామ పేరున పంట కాపలాకు తుపాకి లైసెన్సు ఉండేది, ఆయన తర్వాత అది ఆమె పేరుకు మారింది. మామ తుపాకి ఇనుప దూలం లాంటిది. ఎత్తి పట్టుకొని నాలుగు ఊపిరులు తీస్తే భుజం దిగలాగేది. అందుకని దాన్ని పోలీసు స్టేషన్లో అప్పజెప్పి, తేలిక రైఫిలు ఒకటి తెచ్చుకుంది. పాతదానిలో సగం బరువు కూడా లేదు. నీళ్ళ బిందె చంకన పెట్టుకున్నంత సులువుగా భుజానికి ఎక్కుతుంది. ముందటేడు పందులు చేనులో సగం నేలపాలు చేశాయి. ఈ యేడు కూడా అంతే అయితే చేను కౌలుకిచ్చి, కూతురు స్వరూపను వెంటబెట్టుకొని ఎక్కడో కూలికి పోవడమేనని ఆమెకు తెలుసు.

ముందునాటి సాయంత్రం ఆమె లింగోజి ఇంటికి పోయింది. ఆయన అరుగు మీద కూర్చొని గుడ్డపీలికకు నూనె రాస్తున్నాడు.

"సారూ, ఒక్కటడుగుత. కోపం చెయ్యొద్దు."

"అడుగు బిడ్డా."

"తూట నా దగ్గరెందుకు ఉండొద్దు? మీరడుగుడు, నేను చెప్పుడు, మీరు బొత్తాం తీసుడు. గంతల పంది పక్కూరి పొలిమేర దాటుతది. జల్ది ఎత్తొచ్చనే గదా గీ తేలికది తెచ్చుకున్న. ఎత్తుడు జల్దయింది. మీరిచ్చుడే ఆలస్యం."

లింగోజి పీలిక మడిచి పక్కన పెట్టాడు. "మంచిగ అడిగినవ్. రేపు పొద్దుగాల నీ చేనుకే వస్త. తోలేటోళ్ళను పిలువు."

"మరి జవాబు?"

"వస్త అన్నగదా."

అట్లా ఆ పొద్దున అందరూ చేని దగ్గర చేరారు. తోలడానికి నలుగురు. అండాలు మరిది సాంబయ్య, పక్క చేని కొమురయ్య, అతని భార్య అయిలవ్వ, స్వరూప. వాగు వైపు నుంచి వరుసగా నడుస్తూ పళ్ళాలు కొడితే, చేనులో పడుకున్న పందులు ఇటు బీడు దిక్కు బయటికి రావాలి. గట్టు మూల మీద అండాలు, లింగోజి ఉంటారు. వరుస తప్పకూడదు, ఎవరైనా ఆగితే కేకేసి చెప్పాలి, పళ్ళెం చప్పుడు ఆగకూడదు. ఇవన్నీ లింగోజి ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఆకుల తడికి తల తడవకుండా ముగ్గురు యూరియా సంచులు తలకు తొడుక్కున్నారు. స్వరూప ఒట్టి తలతో బయల్దేరబోతే అండాలు ఆపి, మామ నల్ల గొంగడి తెచ్చి కప్పింది.

"గొర్రెల కాపరి లెక్క కొడుతున్ననే," అంది స్వరూప.

"కొడితే కొట్టు. పడిశం పడితే నాకే గదా చాకిరి."

సాంబయ్య రైఫిలు కింది నుంచి మీది దాకా చూశాడు. "వదినా, గిది తుపాకా, పొయ్యి ఊదే గొట్టమా? నేను సంకల పెట్టుకొని సంతకు పోవచ్చు."

"నువ్వు ముందల నడువు కాకా," అంది స్వరూప. "పొయ్యి గొట్టమో కాదో వెనుకకెల్లి తెలుస్తది."

నవ్వుకుంటూ నలుగురూ వాగు వైపు పోయారు. వాళ్ళు కనుమరుగయ్యాక లింగోజి జేబు బొత్తాం తీశాడు. ఒక తూటా తీసి అండాలు అరచేతిలో పెట్టాడు.

"నిన్న అడిగినవ్ గదా. నీ దగ్గరనే ఉంచుకో. ఇయ్యాల నేనేమడుగను."

ఆమె ఆయన ముఖం చూసింది. ఎగతాళి కాదు. బోల్టు తీసి తూటా పెట్టి మూసింది. మూసేటప్పుడు వచ్చిన చప్పుడుకు ఆమె నడుము నిటారయింది. ఇన్నాళ్ళూ భుజాన మోసింది తుపాకి కాదు, దాని తొడుగేనని అనిపించింది. లింగోజి రెండడుగులు వెనక్కి జరిగి, చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

వాగు దిక్కున పళ్ళాల మోత మొదలైంది. కొమురయ్య గొంతు అందరికంటే పెద్దది. మోత దగ్గరవుతున్నకొద్దీ చేను లోపల ఏదో కదలాడింది. మొదట దూరంగా, తర్వాత ఎడమ పక్క. అండాలు కళ్ళు ఆకుల మీదనే ఉన్నాయి. పళ్ళాల్లో ఒకటి ఆగిపోయింది. ఆగిన సంగతి ఆమె చెవికి చేరింది గానీ మనసుకు చేరలేదు. అప్పుడే ఎదురుగా, రాయి విసిరితే పడేంత దగ్గర, మక్క కర్రలు అటూఇటూ ఊగాయి. కర్రల మొదళ్ళలో నల్లటి వీపు. తడిసి, గుండ్రంగా, నేలకు వంగి ఏదో తవ్వుతున్నట్టు ముందుకూ వెనక్కూ ఆడుతోంది. బురద చప్పుడు కూడా వినబడింది.

రైఫిలు ఎప్పుడు భుజానికి వచ్చిందో ఆమెకు తెలియదు. పాతదైతే ఎత్తడానికి ఒక ఊపిరి, నిలపడానికి ఇంకో ఊపిరి పట్టేది. ఇది కన్ను ఎటు పోతే అటు వచ్చేసింది. వేలు కూడా దాని వెంటే పోయింది.

టిక్కుమంది. అంతే.

నల్ల వీపు పైకి లేచింది. గొంగడి జారి భుజాల మీద పడింది. స్వరూప. చేతిలో బురద ముద్దలా ఉన్న చెప్పు. ఆమె ఇటు చూడనేలేదు. వెనక్కి తిరిగి, "కాకా, ఆగుండ్రి. రేగడిల చెప్పు దిగబడ్డది. దొరికిందిగాని పట్టి తెగింది," అని అరిచింది. సాంబయ్య ఎక్కడి నుంచో, "చెప్పుల పెండ్లి తర్వాత జేద్దువుగాని, పళ్ళెం కొట్టు," అన్నాడు. పళ్ళెం మళ్ళీ మోగింది. ఆమె తెగిన చెప్పు చంకలో ఇరికించుకొని, ఒంటికాలి చెప్పుతో కర్రల్లోకి కలిసిపోయింది.

అండాలు భుజం నుంచి రైఫిలు దిగలేదు. అంత తేలికది, దించడానికి చేతుల్లో బలం లేదు. లింగోజి వచ్చి, గొట్టం కింద అరచెయ్యి పెట్టి దాని మూతిని ఆకాశానికి తిప్పాడు. బోల్టు లాగాడు. తూటా గట్టు మీద పడింది. ఒంగి తీసుకొని, పంచె అంచుకు తుడిచి, దాని అడుగు ఆమెకు చూపించాడు. అక్కడ తుపాకి సూది కొట్టిన పాత గుంట ఉంది, పక్కనే ఇప్పటి గుంట.

"మందు తీసేసిన తూట. నేర్పేటప్పుడు వాడేది," అన్నాడు.

ఆమె తడి గట్టు మీద కూలబడింది.

"మీకు తెల్సా సారూ?"

"ఏది?"

"అది నా బిడ్డ అని."

మబ్బు పట్టిన పొద్దే అయినా లింగోజి నుదురు చెమటతో మెరుస్తోంది. "నాకెట్ల తెలుస్తది," అన్నాడు. "నేను సుత పందే అనుకున్న."

ఆ మాట ఆయన గురువు గొంతుతో అనలేదు. ముసలివాడి గొంతుతో అన్నాడు.

అప్పుడు నిజంగానే పందులు వచ్చాయి. కుడి పక్క చేను చీల్చుకొని మొదట పెద్ద మగ పంది, వెనుక రెండు ఆడవి, వాటి వెంట చారల పిల్లలు. బీడులోకి దిగి, ఎటు పోవాలో తెలియనట్టు ఆగాయి. వాటికి మరుగు ఏమీ లేదు. మెడ మీది వెంట్రుకలు కూడా కనబడుతున్నాయి. లింగోజి జేబు బొత్తాం తీసి ఇంకో తూటా బయటికి తీశాడు. దీని అడుగున గుంట లేదు, మందున్నదే.

"ఏం కనబడుతుంది?"

అండాలు లేచి నిలబడింది. "పంది. మగది. తల అడవి దిక్కు. వెనుక మట్టి కట్ట."

"కట్ట మీద?"

"ఎవ్వరు లేరు."

లింగోజి చెయ్యి చాచాడు. తూటా వాళ్ళిద్దరి మధ్య ఉంది. అండాలు దాని వైపు చూసి, మళ్ళీ కట్ట వైపు చూసింది. "ఆగుండ్రి సారూ," అంది. "ఇంకొక్కసారి చూడనియ్యండి." ఆమె కట్టను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. చేను అంచు చూసింది. పళ్ళాలు విని, ఒక్కొక్కటి ఎవరిదో పోల్చుకుంది. స్వరూపది ఎడమ కొసన మోగుతోంది. అది పోల్చుకునేసరికి మగ పంది దారి కనుక్కుంది. అన్నీ బీడు దాటి, అవతలి అడవిలో కలిశాయి. ఎల్లుండో, ఆ మర్నాడో అవి మళ్ళీ వస్తాయని ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు. లింగోజి తూటా జేబులో వేసుకొని బొత్తాం పెట్టుకున్నాడు.

ఇంటికి పోయే దారి పొడవునా సాంబయ్య ఊరుకోలేదు. "నలుగురం గొంతులు పోగొట్టుకొని తోలితే, మా వదిన పందులను సాగనంపింది. బొట్టు పెట్టి పంపాల్సింది." అయిలవ్వ నవ్వింది. కొమురయ్య, "గురువును బట్టి శిష్యురాలు," అన్నాడు, లింగోజికి వినబడేటట్టే. "పిల్లలున్నయని మా అమ్మకు జాలి పుట్టింది కాకా," అంది స్వరూప. అండాలు రైఫిలు బోల్టు తెరిచే ఉంచి, గొట్టం ఆకాశానికి పెట్టుకొని అందరికంటే వెనుక నడిచింది.

వాకిట్లో నీళ్ళ గోళెం ఉంది. రైఫిలు లోపల పెట్టి తాళం వేసి వచ్చి, ఆమె చెంబు తీసుకుంది. అందరి కాళ్ళూ మోకాళ్ళ దాకా రేగడి. వచ్చినవాళ్ళు వచ్చినట్టు నిలబడితే, వద్దంటున్నా వినకుండా ఆమే నీళ్ళు పోసింది. సాంబయ్య కాళ్ళ మీద పోసింది. కొమురయ్యకు పోసింది. అయిలవ్వ, "నా కాళ్ళకు నువ్వెందుకక్కా," అని వెనక్కి జరిగితే చెయ్యి పట్టుకొని ముందుకు లాగి పోసింది. చివరికి స్వరూప, తెగిన చెప్పు చేతిలో పట్టుకొని వచ్చింది. ఆమె పాదాల మీద ఒక చెంబు, రెండో చెంబు, ఇంకోటి.

"అమ్మా, చాలు. మట్టి ఎప్పుడో పోయింది."

అండాలు ఆగింది. పెదవుల మీదే లెక్కపెట్టుకుంది. సాంబయ్య, కొమురయ్య, అయిలవ్వ, స్వరూప. మళ్ళీ స్వరూప. తర్వాత గడప దగ్గర నిలబడ్డ లింగోజి వైపు తిరిగింది.

"అందరొచ్చిన్రు సారూ."

లింగోజి వచ్చి ఆమె చేతిలో చెంబు తీసుకున్నాడు. గోళెంలో ముంచి, బురదతో ఉన్న ఆమె కాళ్ళ మీద పోశాడు. పెద్దాయన ఆమె కాళ్ళ మీద నీళ్ళు పోయడమేమిటని అందరూ చూస్తుండిపోయారు.

"మళ్ళ లెక్కపెట్టు బిడ్డా," అన్నాడు. "నువ్వు సుత వచ్చినవో లేదో చూడు."