పదిమందికి ఒకడు

ఒకానొక కొండసీమలో కుంభిగిరి అనే సంస్థానం ఉండేది. దాన్ని ఏలే నరహరి బహద్దరుకు రోజుకొక ఇంగ్లీషు మాట నేర్చుకోవడం, దాన్ని ఆ రోజే ఎవరిమీదైనా ప్రయోగించడం సరదా. చాలావరకు అవి ప్రాణాపాయం లేని మాటలే.

రాజు పల్లకీ దిగితే కొమ్ము ఊదాలని అక్కడి ఆచారం. ఒకనాడు వేటకు వెళ్లి, తేనెపట్లు వేలాడే కొండచరియ కింద దిగారు. ఆచారం ప్రకారం కొమ్ము ఊదారు. ఈగలు లేచాయి. భటులు, బోయీలు, కొమ్మువాడు కలిపి ముప్పైతొమ్మిదిమంది పరివారమూ పరుగు లంకించుకుంది. అందరికంటే ముందు పరిగెత్తింది రాజుగారే గాని, ఆ సంగతి అనేవాడెవడు?

మర్నాడు ఇంగ్లీషు పంతులు, ఖర్మ కాలి, 'డెసిమేట్' అనే మాట చెప్పాడు. ఇప్పుడు దానికి చాలామందిని నాశనం చేయడమని అర్థమట. మూలం మాత్రం లాటిన్‌లో పది అనే మాటట. పూర్వం రోము సేనాపతులు పారిపోయిన దండును పదేసిమందిగా విడదీసి చీటీలు తీయించేవారు. చీటీ పడినవాణ్ణి మిగతా తొమ్మిదిమందే కర్రలతో కొట్టి చంపాలి.

రాజు మొహం వెలిగిపోయింది. వెంటనే పరివారాన్ని కొలువుకు రప్పించి, కర్రలు తెప్పించాడు. చీటీలు రాయమని లేఖకుడు గవరయ్యకు ఆజ్ఞ అయింది.

ఆ పరివారంలో అన్నదమ్ములున్నారు, మామా అల్లుళ్లున్నారు. ఎవరి కర్ర ఎవరి నెత్తిన పడుతుందో తెలియక ఒకరి మొహం ఒకరు చూడలేకపోయారు. గవరయ్య తలలు లెక్కపెట్టాడు. మాట తేడా వస్తే మొదటి దెబ్బ తనకే. అయినా లేచాడు.

"మహాప్రభూ, లెక్క కుదరడం లేదు. నాలుగో పదిలో తొమ్మిదిమందే ఉన్నారు."

"అయితే నీ పేరు రాసుకో."

"నేను నిన్న కోటలోనే ఉన్నాను ప్రభూ. పారిపోయినవారికే చీటీ అన్నారు పంతులుగారు. ఆ కొండకింద నుంచి పరిగెత్తినవారిలో ఇంకా చీటీ రాయనిది ఒక్కరికే. సెలవిస్తే ఆ పేరు రాస్తాను."

రాజు కర్రల వంక చూశాడు. తరువాత నాలుగో వరుసలోని తొమ్మిదిమంది వంక చూశాడు. వాళ్లు తల దించుకోలేదు.

ఆఖరికి రాజు నవ్వాడు. మొదట పొడినవ్వు, తరువాత నిజమైన నవ్వు. కర్రలను వంటశాలకు పంపించి, అందరినీ ఇళ్లకు పొమ్మన్నాడు. తన శాలువా తీసి గవరయ్యకు కప్పుతూ, చెవిలో మెల్లగా అడిగాడు.

"భయపడ్డావా గవరయ్యా?"

"పడ్డాను ప్రభూ."

"నేనూను," అన్నాడు రాజు.