రాణి మల్లాంబిక ఇచ్చిన కరువు భత్యం

ఏ కాలంలోనో ఏమో, అనగనగా చందనగిరి అనే రాజ్యం ఉండేది. పొరుగు రాజు దండెత్తి రావడంతో ఆ దేశపు రాజు సేనతో సరిహద్దుకు తరలివెళ్లాడు. రాజ్యభారం రాణి మల్లాంబిక మీద పడింది.

యుద్ధం సాగేకొద్దీ సరుకుల బండ్లు రావడం తగ్గిపోయింది. బియ్యం, ఉప్పు, నూనె అన్నీ ప్రియమయ్యాయి. కొలువులో ఉన్నవాళ్ల జీతాలు మాత్రం పెరగలేదు. వాళ్లంతా వచ్చి రాణికి మొరపెట్టుకున్నారు.

రాణి మంత్రి శంఖపాలుణ్ణి సలహా అడిగింది.

"దేవీ, యుద్ధమన్నాక కష్టాలు తప్పవు. వాళ్ల దేశభక్తిని పొగుడుతూ చాటింపు వేయిద్దాం" అన్నాడాయన.

చాటింపు వేశారు. అందరూ విన్నారు. వారం తిరక్కుండానే నీళ్లు మోసే సేవకుడు కావడితో సహా కోట మెట్ల మీద ఆకలికి కళ్లు తిరిగి పడిపోయాడు.

రాణి మంత్రిని మళ్లీ పిలిపించింది.

"అయితే ఎవరి జీతంలో పదోవంతుకు సరిపడా ధాన్యం వాళ్లకు కరువు భత్యంగా ఇద్దాం. అందరికీ ఒకే న్యాయం" అన్నాడు మంత్రి.

రాణికి ఆ మాట నచ్చింది. మంత్రి ఇంటికి బండెడు ధాన్యం వెళ్లింది. కావలివాడి తుండుగుడ్డలో గుప్పెడు గింజలు పడ్డాయి.

ఒకనాడు తెల్లవారుతుండగా రాణి కోట కాపలా చూడబోయింది. ఉత్తర ద్వారం దగ్గర కావలివాడు గవరయ్య ఈటెకు ఆనుకుని నిద్రపోతున్నాడు.

"శత్రువు పొంచి ఉంటే నిద్రా?" అని రాణి గద్దించింది.

గవరయ్య కాళ్ల మీద పడ్డాడు. "తప్పే తల్లీ! జీతం బియ్యానికి చాలక పగలంతా అంగట్లో మూటలు మోస్తున్నాను."

రాణి నమ్మలేదు. తిన్నగా అతని ఇంటికి వెళ్లింది. పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. గవరయ్య భార్య పోలమ్మ సిగ్గుపడుతూ మూత తీసింది. చింతగింజలు!

"పిల్లలు మింగలేక ఏడుస్తున్నారమ్మా" అంది పోలమ్మ.

శిక్షిద్దామనుకున్న రాణి తానే కుండ మీద మూత పెట్టేసింది. తాను మెచ్చిన న్యాయమే ఆ కుండలో ఉడుకుతోంది.

ఆ రోజే సభలో ఆమె ఆజ్ఞ ఇచ్చింది. "ఇకనుంచి కరువు భత్యం జీతాన్ని బట్టి ఉండదు. ఇంట్లో తినే నోళ్లను బట్టి కోట గాదెల్లోంచి ధాన్యం కొలిచి ఇస్తాం."

"నాకూ కావలివాడికీ ఒకే కొలతా దేవీ?" అన్నాడు మంత్రి.

"అంగట్లో బియ్యం మీకో ధర, అతనికో ధరా మంత్రిగారూ?"

గాదెలు తరిగిపోతుంటే రాణికీ గుబులు కలిగింది. అయినా మాట తప్పలేదు. అంతఃపురంలో విందులు మాన్పించింది.

కొన్నాళ్లకు, సందెవేళ, వర్తకుడి వేషంలో శత్రువుల వేగు ఒకడు గవరయ్య దగ్గరకు వచ్చాడు. "ఈ రాత్రి గడియ వేయకు. బండెడు బియ్యం నీవి" అని గుసగుసలాడాడు.

గవరయ్య వాణ్ణి పెడరెక్కలు విరిచి కట్టి, రాణి ముందు నిలబెట్టాడు.

"ఇంతమంది ఉండగా ఇతని దగ్గరికే ఎందుకు వచ్చావు?" అని రాణి అడిగింది.

"ఆకలితో అంగట్లో మూటలు మోస్తున్నప్పుడే ఇతణ్ణి చూసి పెట్టుకున్నాను. రావడమే ఆలస్యమైంది, ఈలోగా ఇతని కడుపు నిండింది" అన్నాడు వాడు.

రాణి వాణ్ణి చెరలో వేయించింది.

తమ కొలువు చేసేవాళ్ల ఆకలిని కష్టకాలంలో కనిపెట్టి తీర్చినవారికే కోట నిలుస్తుంది.