మామ్మగారి కోసం చదును చేసిన కొండ

"ఊళ్ళో తెలివంతా మన ముగ్గురికే వచ్చేసింది. మిగతావాళ్ళు పాపం ఎలా నెట్టుకొస్తున్నారో!" అని జాలిపడేది సామర్లకోట మంగతాయారు. తమ్ముళ్ళు గవర్రాజు, సత్తిపండు కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

ఆ ముగ్గురూ కలిసి ఓ కంప్యూటర్ ఆట చేశారు. ఆడే మనిషే వీరుడై కత్తి ఎంచుకోవాలి, మంత్రాలు నేర్వాలి, అడవి దాటి, కొండెక్కి, రాక్షసుణ్ణి చంపాలి. ఆటలమ్మే సుభద్రగారు అది తన ఇంటి కంప్యూటర్లో ఎక్కించుకుని చూసి, "బానే ఉంది గానీ మరీ చిక్కుగా ఉందమ్మా. మా అత్తగారు కూడా ఆడేంత సులువుగా చెయ్యండి. శుక్రవారం ఆవిడ మెచ్చితే బజార్లో పెడతా. లేదా, మీ మావయ్య హోటల్లో పిండి రుబ్బుకోండి" అంది.

అంతే! ముగ్గురూ ఆ అత్తగారి ముందు వాలారు.

"మామ్మగారూ, కొండెక్కగలరా?"

"మోకాళ్ళు నాయనా! మేడే ఎక్కలేను."

కొండ చదునైపోయింది.

"చీకట్లో అడవిలోకి వెళ్తారా?"

"పెరట్లోకే వెళ్ళను."

అడవి కొట్టేశారు, రాత్రి తీసేశారు. ఆవిడ బరువులెత్తదని కత్తి బదులు చీపురుపుల్ల పెట్టారు. పుల్లతో పొడిస్తే రాక్షసుడు చావడే! "పోనీ, వాడే చచ్చిపోతాడులే" అన్నాడు గవర్రాజు. "మరి వీరుడికి పనేంటి?" అన్నాడు సత్తిపండు. ఇంకేముంది, వీరుణ్ణి మంచమ్మీద పడుకోబెట్టారు.

శుక్రవారం సుభద్రగారింటి కంప్యూటర్లో పాత ఆట తీసేసి కొత్తది ఎక్కించారు. మామ్మగారు మీట నొక్కింది. మంచం. గురక. 'మీరే గెలిచారు!'

"నా రాక్షసుడేడర్రా?" అని ఆవిడ గయ్యిమంది. "కోడలు అటు వెళ్ళగానే రోజూ ఆడుతున్నా. నిన్ననే వాడి గుమ్మం దాకా వెళ్ళా!"

"మీకు మోకాళ్ళ నొప్పులన్నారుగా?"

"నొప్పులు నాకురా, వీరుడికి కాదు! ముందెలా ఉందో అలా చేసి పట్టుకురండి. అప్పుడే బజారు మాట!"

ముగ్గురూ ఇంటికొచ్చి బుర్రలు గోక్కున్నారు.

"ముందు కొండ ఉండేది" అన్నాడు సత్తిపండు.

"దానికి ముందు?"

"రాక్షసుడి కొమ్ములొక్కటే గీశాం."

"ఇంకా ముందు?"

"ఏమీ లేదక్కా. కంప్యూటర్ అట్టపెట్టెలో ఉంది."

"మరదే!" అంది మంగతాయారు.

అంతే! ఉన్నదంతా చెరిపేసి, కంప్యూటర్‌ని అట్టపెట్టెలో సర్ది, మోసుకెళ్ళి మామ్మగారి కాళ్ళ దగ్గర పెట్టారు.

ఆవిడ నోరు తెరిచేలోపే మంగతాయారు చేతులు జోడించింది.

"ఒక్క తేడా ఉంది మామ్మగారూ, మన్నించాలి. పెట్టె మీది పాత టేపు దొరకలేదు, కొత్తది అంటించాం."