చిల్లిగిన్నె మునిగేలోగా

పూర్వం ఒక కోటలో చదరంగం చకచకా ఆడేవారు. ఇప్పుడైతే గడియారాలు పెడుతున్నారు గానీ, ఆ రోజుల్లో చిల్లిగిన్నెలే. తన వంతు రాగానే గిన్నెను నీళ్లలో వదలాలి. అది మునిగేలోగా ఎత్తు వేయకపోతే ఓడినట్టే.

ముసలిదైపోయిందని ఏనుగు చెంచిని అడవికి తోలేయమన్నాడు ఆ కోట సేనాపతి, దళవాయి పెదతిమ్మనాయుడు. మావటి ఓబులేసు కాళ్లావేళ్లా పడ్డాడు.

"చదరంగంలో నన్ను గెలువు, ఉంచుతాను," అన్నాడు దళవాయి.

ఇద్దరిదీ అంతంతమాత్రపు ఆటే. కాసేపటికి బల్లమీద ఓబులేసు వైపు రాజు చిక్కుల్లో పడ్డాడు. దళవాయి నవ్వుతూ తన గిన్నె వదిలాడు.

"దొరా, కొండకోట యుద్ధంలో ఎలా బతికి బయటపడ్డారు?" అన్నాడు ఓబులేసు.

దళవాయి మీసం దువ్వాడు. "అదా! తొడలో బాణం దిగి కూలిపోయాను. నా ఏనుగు తొండంతో ఎత్తుకుని, ఏరు దాటించి..."

గిన్నె బుడుంగున మునిగింది.

"ఓరి దొంగా! మాటల్లో పెట్టి గెలుస్తావా?"

"పోనీ, గెలుపు మీదే అనుకోండి దొరా. మీరు మరిచారు గానీ, ఆ ఏనుగు చెంచే. దాన్ని ఏ అడవికి తోలమంటారో మీరే చెప్పండి."

దళవాయి లేచి గజశాలకు వెళ్లాడు. చెంచి తొండం చాచి, ఆయన తొడమీద పాత గాయాన్ని తడిమింది.

"ఓబులేసూ," అన్నాడాయన, "దీనికి చెరకు పెట్టి రా. ఈసారి నోరు మూసుకుని ఆడతాను."