వరాలొదిన స్టూలు, మా అయిదు ఓట్లు

మా అత్తవారింట్లో నీళ్లకి కరువు గానీ, తెలివికి కరువు లేదు. ఈ మాట మా మామగారు గౌరునాయుడు గారు రోజూ పొద్దున్నే పళ్లు తోముకుంటూ చెబుతారు. ఆయన పుక్కిలించే చెంబుడు నీళ్లూ ఊరి చివర బోరు నుంచి నేను మోసుకొచ్చినవే. మా వీధికి కుళాయి లేదు. పెళ్లయిన మర్నాడు నా చంకనెక్కిన బిందె ఇప్పటికీ దిగలేదు.

పోయినసారి పెద్ద ఓట్లొచ్చాయి, అదే, ఢిల్లీకి మనిషిని పంపే ఓట్లు. ఎవరో మైకులో "మీ ఓటు విలువైనది, వృథా చేసుకోకండి" అని అరుచుకుంటూ పోయారు. అంతే! మా మామగారు ఓటు వెయ్యడానికే వెళ్లలేదు. ఓటు స్లిప్పుని ట్రంకుపెట్టె అడుగున పెట్టి తాళం వేసేశారు. "ఊళ్లోవాళ్లంతా ఓటు ఖర్చుపెట్టేసుకున్నారు. నాది మాత్రం చెక్కుచెదరలేదు" అని ఇప్పటికీ మీసం మెలేస్తారు. అప్పటికి నేను కొత్త కోడల్ని. అబ్బ, ఎంత తెలివైన కొంపలో పడ్డానో అని మురిసిపోయాను. చూశారుగా, నేనూ ఆ తానులో ముక్కనే.

ఈ ఏడు పంచాయతీ ఎన్నికలొచ్చాయి. మా వార్డుకి ఇద్దరే పోటీ. ఒకరు వీధి మొదట్లో మేడింటి జోగారావు. ఆయనింట్లో మోటారుంది, ఆయనకి మా బిందెల గోల పట్టదు. రెండోది మా పక్కింటి వరాలొదిన. తను గెలిస్తే మా గుమ్మం ముందే కుళాయి వేయిస్తానంది. నాకింకేం కావాలి! ఊళ్లో ఉన్న దేవుళ్లందరికీ ఆవిడ పేరున మొక్కేశాను.

ఒకరోజు వరాలొదిన మా ఇంటికొచ్చి, "బాబాయ్, ఈసారి నేను నిలబడ్డాను" అంది.

"నిలబడ్డం దేనికమ్మా, కూర్చో" అని మామగారు మంచం వాల్చారు.

"కూర్చోమని జోగారావు మనుషులూ చెప్పి చూశారు. చచ్చినా కూర్చోను!" అనేసి వెళ్లిపోయింది.

మా అత్తగారి కళ్లల్లో గిర్రున నీళ్లు తిరిగాయి. "మన వీధి కోసం ఆ పిల్ల ఓట్లయ్యేదాకా నిలబడే ఉంటుందట. మనం ఇక్కడ కూర్చుని మెక్కుతామా?" అంది. ఇంకేముంది, ఆ పూట నుంచి మా ఇంట్లో ఎవరూ కూర్చోలేదు. అన్నం నిలబడే తిన్నాం. మా బావగారు సన్యాసి నిలబడి నిద్రపోతే, పడిపోకుండా మా ఆయన రామినాయుడు పట్టుకుని నిద్రపోయేవాడు.

మర్నాడు జోగారావు వచ్చి దణ్ణం పెట్టి, "అన్నీ ఆలోచించి ఓటెయ్యండి" అన్నాడు. ఆయన గుమ్మం దిగగానే మామగారు అందర్నీ పిలిచారు.

"పెద్దమనిషి అన్నీ ఆలోచించమన్నాడు. ఒక్కటి మిగలడానికి వీల్లేదు. సన్యాసీ, నువ్వేం ఆలోచిస్తావు?"

"నేను గేదె గురించి ఆలోచిస్తాను నాన్నా."

"నేను చింతపండు గురించి" అంది అత్తగారు.

"నేను గేదె తోక గురించి" అన్నాడు మా ఆయన.

"గేదెతో పాటు తోక రాలేదేంట్రా? వేరేది చూసుకో."

మా ఆయన తల గోక్కుని "అయితే దూడ" అన్నాడు. నేను కుళాయి గురించి ఆలోచించాను. నాకు మరోటి ఆలోచనకి రాదు కదా. మామగారు మిగిలినవన్నీ తన మీదేసుకుని, కాసేపు కళ్లు మూసుకుని, "అయిపోయాయి. ఇంక వరాలికే వేద్దాం" అన్నారు.

ఆ మాట విని వరాలొదిన పరుగెత్తుకొచ్చింది. "నా గుర్తు స్టూలు, బాబాయ్. మరిచిపోకండి. స్టూలు మీద గట్టిగా గుద్దాలి!"

మరిచిపోకూడదని ఇంట్లో ఉన్న స్టూలు మీద గుద్దడం మొదలెట్టాం. వంతులేసుకుని గుద్దాం. మా ఆయన పిడికిలి బూరెలా వాచింది. మా బావగారి దెబ్బకి స్టూలు కాలు విరిగింది. ఆ చప్పుడికి వరాలొదిన వచ్చి నెత్తి కొట్టుకుంది. "ఓరి నాయనోయ్, చేత్తో కాదు! అక్కడ రబ్బరు ముద్ర ఇస్తారు. దాన్ని స్టూలు మీద వెయ్యాలి."

"అదేదో ముందే ఏడవొచ్చు కదా" అన్నాడు మా ఆయన, చేతికి పసుపు పట్టించుకుంటూ.

ఓట్ల రోజు అయిదుగురం బడికి వెళ్లాం. ఆఫీసరుగారు ఓటు కాగితాలూ ముద్రా ఇచ్చి, "ఓటు రహస్యమమ్మా. ఏ పేరో ఎవరికీ తెలియకూడదు. కాగితం మడిచి పెట్టెలో వెయ్యండి" అన్నారు. ఓటెయ్యడానికి అడ్డంపెట్టిన అట్ట వెనక్కి వెళ్లి చూస్తే బల్ల ఉంది గానీ స్టూలు లేదు! నేను బల్ల కింద కూడా వంగి చూశాను. మామగారు మాత్రం గదంతా కలియజూశారు. మూలన మంచినీళ్ల కుండ కింద ఉంది స్టూలు! ఆయన కుండ ఎత్తి పోలీసాయన చేతుల్లో పెట్టి, "కాస్త పట్టుకో బాబూ" అని, స్టూలు మీద ముద్ర టప్పున వేశారు. వెనకాలే మేమందరమూ వేశాం. కుండ పట్టుకుని పోలీసాయన నోరు తెరిచి చూస్తున్నాడు. కాగితాలకి మాత్రం ఒక్క మరకైనా అంటనివ్వకుండా మడిచి పెట్టెలో వేశాం.

మధ్యాహ్నం లెక్కపెట్టారు. నేను బోరుకి వెళ్తూ ఖాళీ బిందెతో బడి దగ్గర ఆగాను. ఇద్దరికీ ఓట్లు సమానంగా వచ్చాయి. అయిదు కాగితాల మీద మాత్రం ఏమీ లేదు.

"ఈ తెల్లకాగితాలు ఏ మహానుభావులవో!" అన్నారు ఆఫీసరుగారు.

"మావేనండి!" అన్నారు మామగారు ముందుకొచ్చి. "అంత శుభ్రంగా ఊళ్లో ఇంకెవరు వేస్తారు?"

వరాలొదిన అక్కడే కూలబడిపోయింది. అమ్మయ్య, ఇప్పటికి కూర్చుంది అని మేమూ కూర్చున్నాం.

ఇంక చీటీలు వేయాలన్నారు. రెండు చీటీల మీద రెండు పేర్లు రాసి నా బిందెలోనే వేసి, "నువ్వే ఒకటి తియ్యమ్మా. ఎవరి పేరొస్తే వాళ్లే గెలిచినట్టు" అన్నారు. ఎదుటి పక్షం వాళ్లూ సరేనన్నారు. కళ్లు మూసుకుని ఒకటి తీసి విప్పాను. వరాలమ్మ! నా గుమ్మం ముందు కుళాయి కళ్లకి కట్టినట్టు కనపడింది.

"ఎవరమ్మా?" అన్నారు ఆఫీసరుగారు.

పేరు నాలిక చివరిదాకా వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున్న ఆయనే చెప్పారు, ఏ పేరో ఎవరికీ తెలియకూడదని. నన్ను పరీక్షిస్తున్నారన్నమాట! నేనేమన్నా వెర్రిదాన్నా? చీటీ నోట్లో వేసుకుని గుటుక్కున మింగేశాను.

ఆఫీసరుగారు తల పట్టుకుని బిందె బోర్లించి రెండో చీటీ విప్పారు. జోగారావు.

మా మామగారు ఘొల్లుమన్నారు. "అయ్యో, బిందెలో జోగారావే మిగిలాడు! మన వరాలు కోడలి కడుపులోకి పోయింది!"

"ఏడవకయ్యా, జోగారావు ఇక్కడుంటే ఆవిడ మింగింది వరాలమ్మనే. వరాలమ్మే గెలిచింది" అన్నారు ఆఫీసరుగారు.

వరాలొదిన ఏడుస్తూ నవ్వుతూ నన్ను కావలించుకుని, "నీ కడుపు చల్లగుండ, మరదలా!" అంది. అంతే, మా అత్తగారు ఆ మూలనున్న కుండ ఎత్తి నా కడుపు మీద కుమ్మరించేసింది.

వరాలొదిన మాట నిలబెట్టుకుంది. మా గుమ్మం ముందు కుళాయి పడింది. నేను దాన్ని తడిమి తడిమి చూసుకున్నాను. కొబ్బరికాయ కొట్టి వరాలొదిన, "ఎంతో తిరిగి తెచ్చాను, పిన్నీ. నీళ్లు వృథా చెయ్యకండి. ఒక్క చుక్క కూడా బయటికి పోకూడదు" అంది.

"మాకు చెప్పాలా?" అన్నారు మామగారు, ట్రంకుపెట్టె వైపు చూసి. ఆవిడటు వెళ్లగానే గోనెగుడ్డ తెచ్చి కుళాయి మూతికి బిగించి కట్టబోయారు.

"గోనె అయితే కారుతుంది మావయ్యగారూ, సిమెంటు పెట్టిద్దాం" అన్నది నేనే. ఆ ఇంట్లో నన్ను మెచ్చుకోవడం అదే మొదలు.

మేస్త్రీ వచ్చి మూతి గట్టిగా మూసేసి, రోజూ తడపకపోతే సిమెంటు పగులుతుందని చెప్పి వెళ్లాడు. అందుకే బోరు నుంచి ఇప్పుడు ఇంకో బిందె ఎక్కువ మోస్తున్నాను. అది తెచ్చి కుళాయి మీద పోస్తాను.