మూడు కుండల నీళ్లు

వానాకాలం ఏటి నీళ్లు తాగి పిల్లలు వాంతులతో పడిపోతుంటే, ఇంటింటికీ పనికొచ్చే వడపోత సాధనం చేసి తెమ్మని రాజు చాటింపు వేయించాడు. ఆస్థాన శిల్పి విరూపాక్షాచారి పైన గరాటు, కింద గొట్టం పెట్టి, మూత అతికేసిన ఇత్తడి గుండిగ తెచ్చాడు. కుమ్మరి పైడమ్మ ఒకదాని మీద ఒకటి మూడు కుండలు పెట్టింది. పైదాంట్లో ఇసుక, మధ్యదాంట్లో బొగ్గు. కిందిదాంట్లోకి నీళ్లు దిగుతాయి.

నెల్లాళ్లు రెండింట్లోనూ ఏటి నీళ్లే పోశారు.

ఆ తర్వాత సభలో పైడమ్మ ఇసుకను చూసి శిల్పి ముక్కు మూసుకున్నాడు. "ఎంత బురదో చూడండి ప్రభూ! నాది ఇంకా అద్దంలా మెరుస్తోంది."

"నిజమే బాబూ. ఏటి బురదంతా నా ఇసుకలో చిక్కింది," అంటూ పైడమ్మ అక్కడే ఇసుక కడిగేసింది. "మరి తమరి గుండిగలో చిక్కిన బురద ఏదండీ?"

శిల్పి మూత వైపు చూశాడు. అది ఊడేది కాదు.

రాజు ఆ గుండిగ నీళ్లు లోటాలో పట్టి శిల్పికి అందించాడు. "బురద లోపలైనా ఉండాలి, ఈ నీళ్లలోనైనా ఉండాలి. తాగి చెప్పండి."

"నాకు దాహంగా లేదు ప్రభూ."

ఆ సాయంత్రం మూడు కుండల కోసం పైడమ్మ గుమ్మంలో అందరికంటే ముందు నిలబడింది శిల్పి భార్యే.