ఇనప్పెట్టెలో వంటమనిషి

ఏనుగులు కూడా వైఫై అడిగే రోజుల్లో ఒక మహారాజు ఉండేవాడు. పొరుగు రాజులు వాడేసుకుంటారని వైఫై డబ్బాను కొండంత ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఇంకేముంది, ఆయన కంప్యూటర్‌లో నెట్ ఇలా వచ్చి అలా పోయేది.

"డబ్బా బిగించిన సూరన్నను రేపే దేశం దాటించండి!" అని అరిస్తే కోట పెంకులు లేచిపోయాయి.

సూరన్న పెళ్ళాం బంగారక్క రాజుగారి వంటమనిషి. ఆ పూట అన్నం వడ్డించి, నేతిగిన్నెతో పక్కనున్న ఖాళీ ఇనప్పెట్టెలో దూరి మూత వేసుకుంది. నెయ్యి కోసం రాజు ఏడూళ్ళకు వినబడేలా పిలిచాడు. చివరికి భటులు వెతికి మూత తీశారు.

"పిలిస్తే పలకవేమే?"

"పలుకుతూనే ఉన్నాను మహాప్రభూ! ఇనుము దాటి మీ చెవిన పడలేదు. పాపం, మీ డబ్బా గతీ ఇంతేనేమో!"

రాజు డబ్బా బయట పెట్టించాడు. నెట్ ఎంత జోరుగా వచ్చిందంటే, ఆయన కిరీటం ఎగిరిపోయింది. సూరన్న హాయిగా ఊళ్ళోనే ఉన్నాడు. కిరీటాన్ని ఇంకా వెతుకుతున్నారు.